త్యాగము ఎవరిది?

త్యాగమును మెచ్చని జాతి లోకమున లేదు. శిబి చక్రవర్తి తన మాంసమును కోసి తూచి యిచ్చెను. దధీచి తన యెముకల నిచ్చెను. కర్ణుడు పుట్టుకతో వచ్చిన కవచమును ఒలిచి యిచ్చెను. వీరి పేరులు విన్నంతనే మనకు చేతులు జోడింపవలెనని తోచును. ఈ మువ్వురు ఇచ్చినదియు తమ శరీరమునే గనుక, ఆ త్యాగము ఎవరిదను ప్రశ్న అచట పుట్టదు. కాని హరిశ్చంద్రుని కథకు వచ్చునప్పటికి ఆ ప్రశ్న పుట్టుచున్నది. ఆయన సత్యమునకై రాజ్యమును విడిచెను. రాజ్యము ఆయనదే గనుక దానికి మనము ఆక్షేపింపము. తరువాత కాశీ వీధిలో భార్యను విక్రయించెను. పరుల యింట దాస్యము చేసినది చంద్రమతి. పాముకాటున మృతుడైన బిడ్డను చేతులపై మోసికొని శ్మశానమునకు నడచినది చంద్రమతి. సత్యసంధుడను పేరు మాత్రము హరిశ్చంద్రునిది. నాటకశాలలో ఆ ఘట్టమున కన్నీరు కార్చు మనము, ఆ కన్నీరు ఎవరి నిమిత్తము కార్చుచున్నామో యెన్నడైన విచారించితిమా?

ఈ విచారము మమ్ము మొన్నటి వేసవిలో పట్టుకొన్నది. నూజివీడు ప్రాంతమున వేసవి యనగా మామిడియే. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి, తోతాపురి కాయలు లారీల కెక్కి దేశాంతరములకు పోవుచుండును, బడులకు సెలవులు, కోత ముగిసిన తోటలలో పిల్లలు కొబ్బరిమట్టను బ్యాటుగా చెక్కుకొని క్రికెట్టు ఆడుచుందురు. ఒకనాటి సాయంకాలము ఆ దారిని పోవుచున్న మమ్ము మా విద్యార్థి యొకడు పిలిచి, "మాస్టారూ, కొంచెంసేపు అంపైరుగా నిలబడండి" అని వేడుకొనెను. చెట్టు మొదలే వారికి వికెట్టు. కొంతసేపటికి బంతి మట్టను రాచుకొని వెనుకనున్న బాలుని చేతులలో పడినది. బంతి విసరినవాడు కేక వైచెను. మాకు శబ్దము వినబడలేదు గనుక ఊరకుంటిమి. అప్పుడు ఆడుచున్నవాడు తానే మట్టను క్రింద వైచి, "తగిలింది మాస్టారూ, నేను అవుటే" అని తొలగిపోయెను. మేము వానిని భుజము తట్టి మెచ్చుకొంటిమి. పావుగంటలో వాని జట్టు ఓడిపోయినది. జట్టులోని చిన్నవాడొకడు ఏడ్చుచు, "వాడికేం, మీచేత మంచివాడనిపించుకున్నాడు. ఓడింది మేం కదా" అనెను.

ఆ చిన్నవాని మాటకు సమాధానము కలదు. బంతి తగిలిన తరువాత ఆ వికెట్టు ఆ బాలునిది కాదు, వాని జట్టుది అంతకంటె కాదు. తనది కాని దానిని విడుచుట నిజాయితీయే గాని త్యాగము కాదు. దానికి ఎవరి సమ్మతియు అక్కరలేదు. ఈ సంగతి వానికి బోధించి యింటికి వచ్చితిమి. కాని, మంచివాడను పేరు ఒకనికి, నష్టము పదిమందికి అను ఆ యేడ్పు చెవులలో నిలిచిపోయినది. అప్పుడు మేము చదువుచున్న గ్రంథము కూడ అందులకు తగినట్లే యుండెను. అది క్రికెట్టు ఆటలో దేశమంతటను పేరుపొంది, ఆ పేరును విడిచి మతబోధకుడైన ఒక ఆంగ్లేయుని చరిత్ర.

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో క్రికెట్టునకును పాదిరులకును గల చుట్టరికము మనకు వింతగా నుండును. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల నడుమ మొదటి పందెపు ఆట 1827లో లండనులోని లార్డ్సు మైదానమున జరిగినది. దానిని కుదిర్చిన చార్లెస్ వర్డ్సువర్తు ఆక్సుఫర్డు విద్యార్థి, కవి వర్డ్సువర్తునకు సోదరుని కుమారుడు. తరువాత ఆయన గ్రీకు వ్యాకరణమును వ్రాసి, 1853లో స్కాట్లండున బిషప్పు ఆయెను. 1836లో ఆక్సుఫర్డు పక్షమున ఆడిన జేమ్సు పైక్రాఫ్టు అను పాదిరి 1851లో 'క్రికెట్ ఫీల్డ్' అను గ్రంథము వ్రాసి, ఆ యాటను శీలమునకు బడివలె వర్ణించెను. అన్యాయమైన పనిని చూచి "అది క్రికెట్టు కాదు" అనుట ఆంగ్లేయులకు నేటికిని వాడుక. ధర్మము కాదనుటకు బదులుగా ఆట పేరు చెప్పుట మరియే జాతియందును మేము వినలేదు. ఆ లార్డ్సు మైదానముననే 1932 జూనులో భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడై నిలిచినవాడు తెలుగు కుటుంబమున బుట్టిన సి. కె. నాయుడు. ప్రసంగవశమున ఈ మాట చెప్పకుండ ఉండలేకపోయితిమి.

మేము చదివిన చరిత్ర చార్లెస్ టామస్ స్టడ్డుది. ఆయన 1860లో జన్మించెను. ఈటనులో చదివి కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ప్రవేశించెను. అన్నదమ్ములు మువ్వురు 1882, 1883, 1884 సంవత్సరములలో వరుసగా కేంబ్రిడ్జి జట్టునకు నాయకులైరి. నడిమి సంవత్సరపు నాయకుడు ఈయన. 1882లో ఒక్క ఋతువులోనే వేయికి మించిన పరుగులు చేసి, నూటికి మించిన వికెట్లు తీసెను. అప్పటికి ఇరువది రెండేండ్లయిన నిండలేదు. ఆ యేట ఆగస్టు మాసమున ఓవల్ మైదానమున ఆస్ట్రేలియాతో జరిగిన ఆట నేటి వరకును ఆంగ్లేయుల నోట నున్నది. గెలుపునకు ఎనుబదియైదు పరుగులు మాత్రమే కావలెను. నాయకుడు ఏమి తలచెనో గాని స్టడ్డును వెనుకకు నెట్టి పదవవానిగా పంపెను. ఆయన బ్యాటు పట్టుకొని ఒక చివర నిలిచియుండగా రెండవ చివర వికెట్టు కూలెను. ఆయన ఒక్క బంతినైన ఎదుర్కొనలేదు. ఇంగ్లండు ఏడు పరుగుల తేడాతో ఓడిపోయినది. ఇంగ్లీషు క్రికెట్టు చచ్చిపోయెననియు దాని బూడిదను ఆస్ట్రేలియాకు కొనిపోవుదురనియు ఒక పత్రిక వేళాకోళముగా మరణవార్త ప్రకటించినది ఈ యోటమికే. పని చేయగలవాడు చేతిలో పనిముట్టుతో నిలిచియుండగా, పని ఆయన వరకు రాకుండనే ముగిసిపోయెను. ఇట్టి గతి లోకమున స్త్రీలకు తరచుగా పట్టుచుండును గాని, పేరుపొందిన పురుషునకు పట్టుట అరుదు.

తరువాత సోదరుడొకడు జబ్బుపడి చావునకు దగ్గరైనప్పుడు, ఈ కీర్తి యెంతటిదను చింత స్టడ్డునకు కలిగెను. 1885లో మరి ఆరుగురు మిత్రులతో చైనాకు పోయి చైనీయుల దుస్తులు ధరించి మతబోధ ప్రారంభించెను. తండ్రి ఆస్తిలో ఆయన వంతునకు వచ్చినది సుమారు ఇరువది తొమ్మిదివేల పౌనులు. 1887 జనవరిలో అయిదేసివేల పౌనుల చొప్పున నాలుగు చెక్కులు వ్రాసి, తక్కిన దానిలోను చాల భాగము పంచివేసి, మూడువేల నాలుగువందల పౌనులు మాత్రము మిగిల్చెను. 1888లో ప్రిసిల్లా స్టూవర్టు అను ఐర్లండు కన్యను చైనాలో వివాహమాడినపుడు దానిని ఆమె కిచ్చెను. ఆమె దానిని ఉంచుకొనలేదు. సాల్వేషన్ ఆర్మీ వారికి పంపివేసినది. వరుడు తన కొరకు కొంత మిగుల్చుట ఆమెకు లోపముగా తోచినది!

ఇంతవరకు చదివి మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. ఇట్టివారి యెదుట తప్పులెన్నుటకు మేమెంతవారము? నెల జీతము ఆలస్యమైన కుమిలిపోవు మావంటివారికి ఇరువది తొమ్మిదివేల పౌనులను విడుచుట ఊహకు కూడ అందదు. కాని ఆ ధనము ఎక్కడిదని వెదకితిమి. స్టడ్డు తండ్రి బీహారులోని తిర్హుతు ప్రాంతమున నీలిమందు తోటలతో ధనవంతుడై స్వదేశమునకు మరలినవాడు. నీలిమందు పంట యెట్టిదో మన పాఠకులకు తెలియును. తిర్హుతులోనిదే చంపారను, ఇరువది కఠాల భూమిలో మూడు కఠాలు విధిగా నీలియే నాటవలెనను నిర్బంధము అచటి రైతులను పిండి పిప్పి చేయగా 1917లో గాంధీమహాత్ముడు అచ్చటికి పోవలసివచ్చినది. తండ్రి స్టడ్డు ఎట్టి దొరయో మేము చెప్పజాలము, మంచివాడే కావచ్చును. అయినను ఆ పౌనులకు మొదటి త్యాగి కుమారుడు కాడు. ఆయన విడుచుటకు పూర్వమే వానిని ఎవరో విడిచియుండిరి, తమ సమ్మతి లేకుండ. ఆ నాలుగు చెక్కులలో ఒకటి భారతదేశమున పనిచేయు సాల్వేషన్ ఆర్మీకి చేరినదని చదివి మాకు కొంత ఊరట కలిగినది.

చైనాలో వారికి నలుగురు కుమార్తెలు కలిగిరి. 1894లో ఇంగ్లండునకు మరలి, 1900 మొదలు 1906 వరకు స్టడ్డు మన ఉదకమండలమున యూనియను చర్చికి పాదిరిగా నుండెను. ఆయన ఇంగ్లండు చర్చివారి దీక్ష పొందినవాడు కాడు. బోధకత్వము మాత్రము వహించెను. ఆ నీలగిరులపై గడచిన ఆరేండ్లే ఆ యిల్లాలికి ఇల్లు ఇల్లుగా నున్న కాలమని మాకు తోచుచున్నది. తరువాత, ఏబదియేండ్ల వయస్సున, ఉబ్బసముతో శిథిలమైన దేహముతో ఆయన ఆఫ్రికాకు బయలుదేరెను. 1913లో కాంగో నడిబొడ్డునకు చేరెను. ప్రిసిల్లా హృద్రోగముతో మంచము పట్టియుండెను. ఆమె ఇంగ్లండులో నిలిచి, ఆ పనికి కావలసిన ధనమును మనుష్యులను కూర్చి పంపుచుండెను. మంచమునుండి లేచి ఉత్తరములు వ్రాసి సభలలో మాటలాడి, ఆ సంఘమునకు ఇంటివైపు పనియంతయు ఆమెయే మోసెను. 1916లో ఆయన రెండవమారు వెడలిపోయిన పిదప మరల ఇంగ్లండు చూడలేదు. 1928లో ఆమెయే కాంగోకు పోయి కొలదిదినములు భర్తను చూచి వచ్చినది. మరుసటి యేట ఆమె మరణించెను. 1931 జూలైలో ఆయన ఆ యరణ్యముననే దేహము చాలించెను. చివరి పదుమూడు సంవత్సరముల దాంపత్యమున వారు కలిసియున్నది ఆ కొలదిదినములే!

ఇక్కడ న్యాయము తప్పరాదు. ఆమె నిర్బంధింపబడినదని మేము చెప్పుటలేదు. మిగిల్చిన మూడువేల నాలుగువందల పౌనులను ఇచ్చివేసిన స్త్రీ భర్తకంటె రెండడుగులు ముందున్నదే గాని వెనుక లేదు. ఆమె సమ్మతించినది. కాని ఇరువది నాలుగేండ్ల పెండ్లికూతురు ఇచ్చిన సమ్మతి అరువదియేండ్ల రోగికి ఎంతవరకు కట్టుబాటగునని మేము అడుగుచున్నాము. సమ్మతి యనునది ఒకమారు సంతకము చేసి పెట్టెలో దాచు పత్రమా, లేక దినదినము ఒకరి నొకరు అడిగి తెలిసికొనవలసినదా? దైవము పిలుచుచున్నాడని భర్త చెప్పునప్పుడు కాదనుటకు భార్యకు నోరెక్కడిది? కాదన్నచో ఆమె భర్తను మాత్రమే గాక దైవమును కాదన్నట్లగును. మన దేశమున ఈ చిక్కు మఱింత యెక్కువ. ఏలనన ఇచట భర్తయే దైవమని బాల్యమునుండి నూరిపోయుదుము.

దూరదేశపు కథ యేల, మన బందరులోనే ఇట్టి చరిత్రలు జరిగినవి. 1841లో ఇద్దరు పాదిరులు తెలుగుదేశమున మతబోధకై కలిసి వచ్చిరి. హెన్రీ వాట్సన్ ఫాక్సు రగ్బీ పాఠశాలలో చదివి ఆక్సుఫర్డున పట్టము పొందినవాడు. ఆటస్థలమును శీలమునకు బడిగా చేసెనని పేరుపడిన రగ్బీ అది. 1857లో వెలువడిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' అను నవలలోని బడియు అదియే. రాబర్టు టర్లింగ్టను నోబుల్ కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్సు కళాశాలవాడు, ఫాక్సుకంటె ఎనిమిదేండ్లు పెద్ద. ఫాక్సు భార్యతో వచ్చెను. నోబుల్ ఒంటరిగా వచ్చి ఒంటరిగానే యుండెను. ఫాక్సు పల్లెలు తిరిగి బోధించెను. నోబుల్ 1843లో బందరున ఇంగ్లీషు పాఠశాల స్థాపించెను. నేటి నోబుల్ కళాశాలకు అదియే మూలము. 1845లో ఫాక్సు భార్యయు, ఒక బిడ్డయు మరణించిరి. మిగిలిన పిల్లలను స్వదేశమున దిగబెట్టి ఆయన మరల బందరు వచ్చెను. ఆరోగ్యము చెడి 1848లో ఇంగ్లండు చేరి ఆ యేటనే ముప్పదియొకటవ యేట చనిపోయెను. రగ్బీ విద్యార్థులు చందాలు వేసికొని ఆయన జ్ఞాపకార్థము బందరు పాఠశాలలో 'రగ్బీ ఫాక్స్ మాస్టరు' అను ఉపాధ్యాయపదవిని నిలిపిరి. మంచి జ్ఞాపకమే. కాని ఆమె పేరిట ఏ పదవియు నిలువలేదు. ఈ తెలుగుదేశపు యెండలకు ముందుగా బలియైనది ఆమెయే కదా!

నోబుల్ మాట వేరు. ఆయన వివాహము చేసికొనలేదు. ఇరువది నాలుగేండ్లలో ఒక్కమారైన స్వదేశమునకు పోలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి బందరున సుమారు ముప్పదివేలమందిని ముంచివేసినది; మరుసటి యేట అక్టోబరులో ఆయన బందరుననే కన్నుమూసెను. తన త్యాగపు ఖర్చును తానొక్కడే భరించెనని ఈయనను గూర్చి చెప్పవచ్చునని మేము మొదట అనుకొంటిమి. కాని కొంచెము నిదానించి చూచిన అదియు పూర్తిగా నిజము కాదు. 1852లో ఆయన శిష్యులైన అగ్రవర్ణ బాలురిద్దరు ఇండ్లు విడిచి క్రైస్తవమతమున చేరిరి. ఊరెల్ల అట్టుడికినది. తండ్రులు తమ పిల్లలను మాన్పించగా పాఠశాల దాదాపు పాడుపడినది. మతము మార్చుకొనుట ఆ బాలుర హక్కే. వారి ధైర్యమును మేము తక్కువ చేయము. కాని ఆ దినములలో అట్లు వెడలిపోయిన కుమారుడు తల్లికి చచ్చినవానితో సమానము. ఉన్న బిడ్డకు శ్రాద్ధము పెట్టిన కాలమది. గురువు దేశమును విడిచెను, శిష్యుడు కులమును విడిచెను, తల్లి బిడ్డను విడిచెను. మొదటి యిద్దరును కోరి విడిచిరి. మూడవ ఆమెను ఎవరడిగిరి? తండ్రుల కోపము చరిత్ర కెక్కినది, ఏలనన అది బడిని ఖాళీ చేసినది. తల్లుల దుఃఖము వంటయింటి గడప దాటలేదు.

మన పూర్వులు ఈ ప్రశ్నను ఎరుగనివారు కారు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు సన్యసింపబోవుచు ఉన్న ధనమును ఇద్దరు భార్యలకు పంచి పోదునని మైత్రేయితో చెప్పును. అడుగక వెడలిపోలేదు, అంతవరకు మెచ్చదగినదే. మైత్రేయి ధనమును నిరాకరించి, అమృతత్వము నిచ్చునదేదో దానిని చెప్పుమని కోరినది. ఆ సంవాదము వలన ఆమె లోకపూజ్య యైనది. రెండవ భార్యయగు కాత్యాయనికి స్త్రీలకుండు ప్రజ్ఞ మాత్రమే కలదని ఒక్క మాటతో సరిపెట్టిరి. ఆమె నోట ఉపనిషత్తు ఒక్క పలుకైన పలికింపలేదు. మేము పాఠము చెప్పునప్పుడెల్ల మైత్రేయి ప్రశ్నను విద్యార్థులచే వల్లె వేయించితిమి. కాత్యాయని ఏమనుకొనెనో యని ఇన్నేండ్లలో ఒక్క విద్యార్థియైన అడుగలేదు, మేమును అడుగలేదు. ఇప్పుడు దానికి సిగ్గుపడుచున్నాము.

పండితులు మరచిన దానిని మన యింటి ఆడువారు మరువలేదు. వాల్మీకి ఊర్మిళను పెండ్లిపీటలపై చూపి అంతటితో విడిచిపెట్టెను. లక్ష్మణుని భ్రాతృభక్తి వేయినోళ్ల పొగడబడినది. కాని తెలుగు స్త్రీలు 'ఊర్మిళాదేవి నిద్ర' అను పాటను కట్టుకొని, దంచుచు విసరుచు తరతరములుగ పాడుకొనిరి. అందు పదునాలుగేండ్లు నిద్రలో గడపిన ఊర్మిళ, తిరిగివచ్చిన భర్తను గుర్తెరుగక పరపురుషుడని యెంచి గద్దించును. ఈ పాట వేదాంతగ్రంథము కాదు గాని, ఆ గద్దింపులో ఉన్న ధర్మవిచారము మాకు అనేక గ్రంథములలో కనబడలేదు. కృష్ణాతీరమున అమరావతి శిల్పములలో సిద్ధార్థుడు రాత్రివేళ గుఱ్ఱమెక్కి ఇల్లు వెడలు దృశ్యము కలదు. శిల్పి గుఱ్ఱపుడెక్కల క్రింద చేతులు పట్టిన యక్షులను కూడ చెక్కెను, చప్పుడైన యశోధర మేల్కొనునని! మహాకార్యమునకు బయలుదేరువారికి ఇల్లాలి మేలుకొలుపు అంత భయమైనది యేల?

ఒక మిత్రుడు ఈ వాదమును విని మమ్ము ఇట్లు అడిగెను: "అందరి సమ్మతియు తీసికొని కదలవలెనన్నచో లోకమున ఏ మహాకార్యము జరుగును? బుద్ధుడు ఇంటనే యుండిన మనకు బౌద్ధమెక్కడిది?" ఈ ప్రశ్న తేలికైనది కాదు. ఇంటివారు ఒప్పుకొనువరకు ఆగినచో వితంతువివాహములు నేటికిని జరిగియుండవు. బాలికలు బడికి పోయియుండరు. కావున ఇంటివారికి కష్టము కలుగునను కారణమున మంచిపని మానవలెనని మేము చెప్పజాలము. మా అభ్యంతరము మరియొకటి. ఖర్చు ఇద్దరు పెట్టగా ఖాతా ఒకని పేర వ్రాయుట అసత్యము. అసత్యముపై నిలిచిన త్యాగము ఎంత గొప్పదైనను అందొక దొంగసొత్తు కలిసియున్నది.

దీనికి మారుగా నడచిన దాంపత్యమొకటి మన గోదావరీతీరమున నుండెను. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఊరివారు వెలివేసిరి. వంటవారు, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి పోయి బిందెలతో తామే నీళ్లు మోసి, పెండ్లివారికి తామే వండి వడ్డించిరి. పంతులుగారి కలము ఎంత పనిచేసెనో ఆ బిందె అంత పనిచేసెనని మేము నమ్ముదుము. వితంతుశరణాలయమున చేరిన ఆడపిల్లలకు ఆమెయే తల్లి. ఆమె 1910లో మరణించిరి. పంతులుగారు తమ స్వీయచరిత్రను ఆమెకు తెలియకుండ నడచిన మహాపురుషునివలె వ్రాసికొనలేదు; ఆమె తోడ్పాటును చెప్పిరి. అయినను మన ఊళ్లలో పంతులుగారి విగ్రహములు ఎన్ని, ఆమెవి ఎన్ని యని పాఠకులే లెక్క వేసికొందురు గాక.

ఇక మా యూరి మాట. మాకు తెలిసిన రైతు ఒకరు తమ మామిడితోటలో ఒక ఎకరము బడికట్టుటకు దానము చేసిరి. సభ జరిగినది, పూలదండలు పడినవి, మేమే దానగుణమును గూర్చి ముప్పావుగంట మాటలాడితిమి. గోడలో దాత పేరుగల శిలాఫలకమును అమర్చిరి. సభ ముగిసి భోజనములకు పోవునప్పటికి దాతగారి భార్య పెరటిలో గాడిపొయ్యి యొద్ద చెమటలు కారుచు నిలిచి యున్నారు. మేము ఆమెతో, "అమ్మా, మీవారు గొప్పపని చేసినారు" అంటిమి. ఆమె నవ్వి, "అవునండీ. ఆ అంట్లు నాటిన మూడేళ్లూ బావి నుంచి బిందెతో నీళ్లు మోసింది నేనే. మూడో యేడు కడుపుతో ఉండి కూడా మోశాను. ఇచ్చేముందు నాతో ఒక్కమాట అంటే నేనే ముందు సరే అనేదాన్ని" అనిరి. ఆమె స్వరమున కోపము లేదు. కోపము ఉన్న మేము సులభముగా సమాధానము చెప్పియుందుము. అంటుమామిడి కాపునకు వచ్చుటకు ముందు ఆ మొదటి వేసవుల నీరే ప్రాణమని ఈ ప్రాంతమున చంటిపిల్లవానికి కూడ తెలియును. ఆ నీరు ఎవరి నడుముపై వచ్చినదో శాసనము చెప్పదు.

ఇంటికి వచ్చి ఈ సంగతిని మా యిల్లాలితో ఆవేశముగా చెప్పితిమి. ఆమె బియ్యము ఏరుచు అంతయు విని, "ఏమండీ, మీరు రోజూ సాయంత్రం అరుగు మీద బీదపిల్లలకి ఊరికే పాఠాలు చెబుతారు. మంచిదే. ఆ గంటన్నరలో అత్తయ్యగారి మందులూ, మన పిల్లల చదువూ, వంటా నేనొక్కదాన్నే చూసుకుంటాను. అందులో సగం నా దానం కూడా అని మీకెప్పుడైనా తోచిందా?" అని అడిగెను. మాకు తోచలేదు. పదునాలుగేండ్లుగా ఆ పాఠముల పుణ్యమునంతయు మేము మా ఖాతాలోనే జమకట్టుకొనుచున్నాము. పరుల శిలాఫలకములను చదువుటలో మాకు గల నేర్పు ఎంతటిదో ఆ రాత్రి తెలిసివచ్చినది.

మరునాడు దాతగారి తోటకు పోయి, ఫలకమున భార్య పేరు కూడ చెక్కించుట న్యాయమని చెప్పితిమి. ఆయన కొంతసేపు చెట్లవైపు చూచి, "నిజమే మాస్టారూ, ఆ నీళ్ల సంగతి నాకు గుర్తే రాలేదు" అనిరి. తరువాత నవ్వుచు, "కాని ఆవిడ్ని అడగాలి కదా. పేరు వద్దంటే?" అనిరి. ఆ సాయంకాలము ఆయన ఇంటికిపోయి ఆమెను అడిగినారని విన్నాము. ఆమె యేమి చెప్పెనో ఇంకను మాకు తెలియరాలేదు.